శ్రమకాలానికి ఆత్మపరీక్ష సామగ్రి: వాగ్దాన కార్డు నుంచి వంద పేజీల నోటుబుక్కు దాకా

ఈ సమీక్ష ఒకే పనికి సంబంధించింది. శ్రమకాలంలో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో, క్రైస్తవుడు తన విశ్వాసాన్ని తానే నిజాయితీగా పరీక్షించుకోవాలనుకుంటే వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల చేతికి అందేవాటిలో ఏది ఎంతవరకు పనికొస్తుంది? వాగ్దాన కార్డు, ప్రశ్నల కరపత్రం, ఫోన్‌లో యాప్, బైబిలు, రూళ్ల నోటుబుక్కు, ఎదురుగా కూర్చుని వినే మనిషి. వీటన్నిటికీ కొలత ఒక్కటే. వాడి లేచేసరికి ఒక మనిషి పేరో, ఒక డబ్బు లెక్కో, ఒక తేదీయో చేతిలో మిగలాలి. కళ్లు చెమర్చి, గుండె తేలికై, చేతిలో మాత్రం ఏమీ మిగలకపోతే అది ఆరాధనకు పనికొచ్చి ఉండొచ్చు. పరీక్షకు పనికిరాలేదు.

ముందు వాగ్దాన కార్డు. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో బుట్టలోంచి తీసుకునే, ఒక బైబిలు వచనం అచ్చైన ఈ కార్డు ఏడాదంతా చాలా ఇళ్లలో గోడమీదో బైబిలు మధ్యనో ఉంటుంది. కార్డులో తప్పు లేదు, అది పరీక్షకోసం చేసింది కాదు. దానిమీద తరచూ కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి. 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అన్న మాట బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనమే డెబ్బై ఏళ్లు గడవాలని చెబుతుంది. ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది యెరూషలేమును మళ్లీ చూడకుండానే కన్నుమూసే గడువది. ఇంకాస్త పైన, 7వ వచనంలో, తమను చెరపట్టినవాళ్ల పట్టణం క్షేమంకోసం ప్రార్థించమన్న ఆజ్ఞ ఉంది. కార్డు మీ దగ్గరుంటే ఆ అధ్యాయమంతా చదివి, ఆ ఆజ్ఞను కార్డు వెనక రాసుకోండి. అప్పుడు దానికి కొంత పరీక్షించే గుణం వస్తుంది.

యాప్‌ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మాట వెతకడానికి, ఒకే వచనాన్ని రెండు అనువాదాల్లో పక్కపక్కన చూడటానికి బాగుంటుంది. వరసగా ఎన్ని రోజులు తెరిచారో అది లెక్కపెట్టి చూపిస్తుంది. ఆ లెక్క తెరవడానిదే, చదివినదానికి లోబడిన లెక్క కాదు. రాసే పావుగంటా ఫోన్ వేరే గదిలో పెట్టండి.

ప్రశ్నల కరపత్రం మంచి ఉద్దేశంతోనే అచ్చవుతుంది. 'మీరు ప్రతిదినం ప్రార్థిస్తున్నారా? మీలో గర్వం ఉందా? అందరినీ ప్రేమిస్తున్నారా?' పక్కన అవును, కాదు అని రెండు గళ్లు. ఇక్కడే దెబ్బతింటుంది. గర్వం ప్రశ్నకు 'అవును' అని టిక్కు పెట్టడమే ఒక వినయంగా లెక్కకొచ్చి మనసు తృప్తిపడుతుంది. 'అందరినీ' అంటే ఎవరూ కాదు కనుక ఆ ప్రేమకు ఖర్చుండదు. యోహాను తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ప్రేమను పరీక్షించే తీరు ఇలా ఉండదు. జీవనోపాధి ఉన్నవాడు సహోదరుడి లేమిని చూసి కూడా కనికరం చూపకపోతే దేవుని ప్రేమ వాడిలో ఎలా నిలుస్తుందని అడుగుతాడు. ఉన్నవాడు, లేనివాడు, చూసిన కన్ను, మూసిన చెయ్యి. అంతా కళ్లకు కట్టినట్టుంటుంది.

కరపత్రాన్ని పారేయనక్కరలేదు. ప్రతి ప్రశ్ననూ ఎవరు, ఎప్పుడు, ఎంత అన్న మూడు మాటలతో తిరగరాయండి. 'ప్రార్థిస్తున్నారా' తీసేసి 'ఈ వారం రక్తసంబంధం లేని ఎవరి పేరు ఎత్తి ప్రార్థించారు' అని పెట్టండి. 'క్షమిస్తున్నారా' బదులు 'ఎవరి ఫోన్ వస్తే కావాలని ఎత్తడం లేదు' అని అడగండి. ఇరవై ప్రశ్నల కరపత్రం ఇలా మారిస్తే ఏడెనిమిదికి దిగుతుంది. మిగతావి ఏమీ అడగని ప్రశ్నలని అప్పుడు తెలుస్తుంది. ఒక జాగ్రత్త. పది ఆజ్ఞల వరసలో అచ్చైన కాగితమైతే అది కతోలిక సంఘానిదో, ప్రొటెస్టెంటు సంఘానిదో చూసుకోండి. ఆజ్ఞలు అవే, అంకెలు వేరు. తల్లిదండ్రులను సన్మానించమన్నది కతోలికుల లెక్కలో నాలుగోది, లూథరన్లు తప్ప మిగతా ప్రొటెస్టెంట్ల లెక్కలో అయిదోది. అంకె చూసి బైబిలు తరగతిలో నేర్చుకున్నదానితో కలిపితే తికమక తప్పదు.

ఇక బైబిలు. మన గుళ్లలో ఎక్కువగా వినిపించేది బైబిల్ సొసైటీ పాత అనువాదం. పరీక్షకు మూలమైన రెండో కొరింథీ 13:5 అందులో ఇలా ఉంటుంది: 'మీరు విశ్వాసముగలవారై యున్నారో లేదో మిమ్మును మీరే శోధించుకొని చూచుకొనుడి, మిమ్మును మీరే పరీక్షించుకొనుడి.' చదవడానికి గంభీరంగా ఉన్నా రెండు చోట్ల మన చెవి తప్పు పడుతుంది. మన గుళ్లలో 'శోధన' అంటే సాతాను పెట్టే ఆశ, లేదా ఇంటికొచ్చిన కష్టం. అందుకే 'శోధించుకొనుడి' అంటే ఏం చేయాలో చాలామందికి తోచదు. గ్రీకులో ఆ మాట 'పెయిరాజో', దానికి రెండర్థాలూ ఉన్నాయి. రెండో మాట 'దొకిమాజో' మాత్రం స్పష్టం. లోహం మేలిమిదో కాదో చూసినట్టు చూడటం. వచనం చివర వచ్చే 'భ్రష్టులు' అన్న మాట గ్రీకులో 'అదొకిమోయ్'. అదే ధాతువు, పరీక్షలో నిలవనివారు అని అర్థం. తెలుగులో 'భ్రష్టులు' అనగానే కులంనుంచో ఊరినుంచో వెలేసినంత భయం పుడుతుంది, పరీక్షతో దానికున్న చుట్టరికం కనిపించకుండా పోతుంది. పాత అనువాదం చేతిలో ఉంటే అంచున పెన్సిలుతో 'పరీక్షలో నిలవనివారు' అని రాసుకోండి. పక్కన సులభ తెలుగు అనువాదం ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది. అర్థానికి అది, నోటికి పట్టడానికి పాతది.

ఆ వచనం చుట్టూ ఉన్న సందర్భం అంతకన్నా ముఖ్యం. మూడో వచనంలో కొరింథువాళ్లు పౌలుకే పరీక్ష పెట్టారు, క్రీస్తు నీలో పలుకుతున్నాడనడానికి రుజువేదని. పౌలు ఆ ప్రశ్నను వాళ్లవైపు తిప్పాడు. 'యేసుక్రీస్తు మీలో నున్నాడని మిమ్మునుగూర్చి మీరే యెరుగరా?' అన్నప్పుడు అవునన్న జవాబునే ఆశిస్తున్నాడు. కాబట్టి ఈ వచనాన్ని విశ్వాసుల్ని వణికించడానికి వాడే ప్రసంగం దాన్ని సగమే చదివినట్టు.

ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో చదివే మొదటి కొరింథీ 11:28కి ఇంతకన్నా పెద్ద అన్యాయం జరుగుతోంది. ఇంట్లో గొడవైందనో, మనసు బాగాలేదనో 'నేను అయోగ్యుణ్ని' అని పళ్లెం వచ్చినప్పుడు తల వంచుకుని పక్కకు పంపేవాళ్లు మన పల్లె సంఘాల్లో ఎందరో. వచనం మళ్లీ చదవండి. పరీక్షించుకొనవలెను, 'ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను'. పరీక్షించుకుని మానేయమని లేదు. దాని ముందు వచనంలోని 'అయోగ్యముగా' అన్నది తినే తీరు గురించి, తినే మనిషి అర్హత గురించి కాదు. ఆ తీరేమిటో 21వ వచనంలో ఉంది. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు ముందే తిని తాగి మత్తెక్కి ఉన్నాడు. అంటే బల్లకు ముందు అడగాల్సింది 'నా మనసు ఎలా ఉంది' అని కాదు, 'ఈ సంఘంలో ఆకలితో ఉన్నదెవరు, నేనెవరికోసం ఆగలేదు' అని.

అన్నిటికన్నా బాగా పనిచేసేది, అన్నిటికన్నా చవకైనది నోటుబుక్కు. లాంగ్ సైజు, రూళ్లది, వంద పేజీలు. ఏ స్టేషనరీ కొట్టులోనైనా దొరుకుతుంది. రెండు వందల పేజీలది కొనకండి, నింపాలన్న ఆశ పుడుతుంది. స్పైరల్‌ది అసలే వద్దు, నచ్చని పేజీ చించేయడం మరీ తేలిక. కుట్టిన బైండింగు ఉండాలి. లెక్క ఇది. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. రోజుకు ఎదురెదురు పేజీలు రెండు చొప్పున 80. విశ్వాస ప్రమాణానికి 12, డబ్బుకు 4. మొత్తం 96, నాలుగు మిగులుతాయి. ఆదివారం రాయకూడదు. అది పునరుత్థాన దినం, ఆ రోజు కళ్లు మనమీద ఉండకూడదు.

రోజుకు పావుగంట చాలు. మొదటి మూడు నిమిషాలు 139వ కీర్తన చివరి రెండు వచనాలు, 'దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము' దగ్గర్నుంచి, మెల్లగా పైకి చదవండి. వెతికేది ఆయన, మనం దీపం పట్టుకున్నవాళ్లం. తర్వాత ఏడు నిమిషాలు రాత. ఎడమ పేజీలో జరిగింది, మూడు అంశాలకు మించకుండా. కుడి పేజీలో ఎవరికి, ఏం చేయాలి, ఎప్పటిలోగా. చివరి అయిదు నిమిషాలు మొదటి యోహాను 1:9 చదివి, రాసినదాన్ని ఒప్పుకుని, పుస్తకం మూసేయాలి. ఆ అయిదు నిమిషాలు ఎగ్గొడితే మిగతా పదీ విషమవుతాయి. క్షమాపణ వినని పరీక్ష మనిషిని తనలోకే తవ్వుకుంటూ పోయేలా చేస్తుంది.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, ముందుగా గుణాల పేర్లు రాయడంలో. 'కోపం ఎక్కువైంది' అని రాస్తే కుడి పేజీలో రాయడానికేమీ ఉండదు. 'మంగళవారం పొద్దున, నల్లా దగ్గర, కోడలిని పుట్టింటి మాట ఎత్తి అన్నాను' అని రాస్తే కుడి పేజీ దానంతటదే నిండుతుంది. రెండోది, ఎదుటివాడి తప్పు రాయడం. వాక్యంలో కర్త 'నేను' కాకపోతే కొట్టేయండి. మూడోది, పడుకునే ముందు రాయడం. నిద్రమత్తులో మనసు దేన్నైనా ఒప్పేసుకుంటుంది, దేన్నైనా మాఫీ చేసేసుకుంటుంది. పొద్దుగూకే వేళ, అన్నం తినకముందు మేలు. నాలుగోది, దాపరికం లేకపోవడం. పదిమంది తిరిగే ఇంట్లో పుస్తకం బయట పడి ఉంటుందని తెలిస్తే చెయ్యి అబద్ధం రాస్తుంది. పేర్లకు మొదటి అక్షరాలే వాడండి, బీరువాలో తాళం వేయండి.

డబ్బు పేజీలు నాలుగే అయినా వాటికి ఒక వారం ఇవ్వాలి. శ్రమకాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో పడుతుంది. మన దగ్గర అది మిర్చి ఏరే కాలం, ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు చేరే కాలం, అప్పులు తీరే లేదా పెరిగే కాలం. మిర్చి ఏరినవాళ్లకు కైకిలి ఎంత బాకీ, ఎన్ని రోజులైంది? కొనేవాడివైతే తూకంలో తరుగు పేరుతో ఎంత తీశావు? మిత్తికి ఇచ్చావా, నూటికి ఎంత, తీసుకున్నది సంఘంలోని పేదవాడా? బీదవాడి దగ్గర వడ్డీ తీయవద్దని నిర్గమకాండం 22:25 చెబుతుంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 చెబుతుంది, ఆ మొర దేవుని చెవిన పడుతుందని కూడా. తిరిగి ఇవ్వడానికి కొలత కావాలంటే సంఖ్యాకాండం 5:7 ఉంది. అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. అయిదు వేలు అన్యాయంగా వచ్చిందని తేలితే ఇచ్చేది ఆరు వేలు. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగింతలన్నాడు, అది ఆయన సంతోషం. బాకీ ఉన్న మనిషి చనిపోతే వారసులకివ్వాలి. దశమభాగం కవరులో వేసి చేతులు దులుపుకోవడం దీనికి బదులు కాదు. ఎవరి సొమ్ము వాళ్లకే చేరాలి.

విశ్వాస ప్రమాణానికి పన్నెండు పేజీలంటే ఎక్కువనిపించవచ్చు. అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని పన్నెండు మాటలుగా విడదీయడం పాత సంప్రదాయం. పేజీకొకటి రాసి, కింద మూడింట్లో ఒకటి రాయండి: నమ్ముతున్నాను, నోరు మాత్రమే అంటోంది, ప్రశ్న ఉంది. ప్రశ్న ఉన్నచోట ఆ ప్రశ్నను పూర్తి వాక్యంగా రాయాలి. 'శరీర పునరుత్థానము' దగ్గర ప్రశ్న ఉండటం భ్రష్టత్వం కాదు. మార్కు 9:24లో జబ్బు కొడుకును తెచ్చిన తండ్రి 'నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము' అని ఒకే ఊపిరిలో అన్నాడు, యేసు ఆయన కొడుకును బాగుచేశాడు. ప్రార్థనకు జబ్బు తగ్గకపోతే నా నమ్మకం ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఇక్కడే రాయాలి. దానియేలు 3:18లో 'ఒకవేళ ఆయన రక్షింపకపోయినను' అని అగ్నిగుండం ముందు నిలబడి ముగ్గురు అన్న మాటను దాని పక్కన రాసి కొన్ని రోజులు చూస్తూ ఉండండి.

అచ్చు కాగితాల్లో దాదాపు ఎప్పుడూ కనిపించనివి, మన గడ్డమీద తప్పక అడగాల్సినవి ఇంకొన్ని. క్రీస్తులో అందరం ఒక్కటేనని పాడే ఇంట్లో పెళ్లి సంబంధం అడిగేటప్పుడు మొదటి ప్రశ్న కులమా, ఉపకులమా? కట్నం ఎంత, దాన్ని 'పెట్టుబోతలు' అని పిలిచారా? పెళ్లి తేదీ పాస్టరు గారు చెప్పాక కూడా ముహూర్తం కోసం ఎవరికో చూపించారా? మేడారం జాతర జరిగిన ఏడాది పాలోళ్ల ఇంటినుంచి మొక్కు మాంసం వస్తే ఏం చేశారు, ఏ కారణంతో? మొదటి కొరింథీ 10లో పౌలు తినమనీ తినవద్దనీ రెండూ చెబుతాడు, పక్కవాడి మనస్సాక్షిని బట్టి. పరీక్ష ఇక్కడ మాంసానికి కాదు. బంధువును చిన్నబుచ్చామా, బలహీనుడైన సహోదరుణ్ని తడబడేలా చేశామా అన్నదానికి.

కుల ధ్రువపత్రం ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. 1950 ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవులు చేరలేదు. మన రాష్ట్రంలో ఆ కులాలనుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ వర్గం కిందికి వస్తారు. మతం మారినా ఊరు చూసే చూపు మారని మనిషికి ఇది నిజమైన అన్యాయం. కాగితం మీద ఒకటి, గుడిలో ఒకటి చెప్పుకోవాల్సి రావడం మనస్సాక్షికి నిజమైన గాయం. ఈ పేజీ ఎవరికి వాళ్లు రాసుకోవాల్సిందే. వేరొకరి పేజీలోకి తొంగిచూసి తీర్పు చెప్పే హక్కు ఏ పెద్దకూ లేదు.

నోటుబుక్కు చేయలేనిది ఒకటుంది, జవాబు చెప్పడం. దానికి మనిషి కావాలి. కతోలికులకు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఉంది. విన్నది గురువు ఎవరికీ, దేనికోసమూ బయటపెట్టకూడదని సంఘ చట్టం. ఈ ఒక్క గుణంలో మిగతా ఏ ఏర్పాటూ దానికి సాటిరాదు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఆ స్థానంలో పాస్టరయ్యగారో, సంఘ పెద్దో, ఒక స్నేహితుడో ఉంటారు. చెప్పేముందే 'ఇది మీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పవద్దు' అని మాట తీసుకోవాలి. మీ గురించి ఆయనకు చెప్పేముందు ఇతరుల గురించి ఆయన మీకేం చెబుతున్నారో గమనించండి. వాళ్ల గుట్టు మీ దగ్గర విప్పేవారు మీ గుట్టు ఇంకొకరి దగ్గర విప్పుతారు. ప్రార్థన అవసరత పేరుతో గృహకూడికలో చెప్పడం దీనికి సరికాదు, వారంలో ఊరంతా తెలుస్తుంది. సాక్ష్యమూ పరీక్ష కాదు. సాక్ష్యంలో పాపం ఎప్పుడూ పాతదే.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారి పద్ధతి ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. 1912లో అభిషేకం పొందిన ఆయన, బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ చెయ్యి తమ తలమీద పెట్టించి, 'నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ' అని పలికించేవారు. చదువురాని కూలీకి కూడా అది ఏళ్ల తరబడి గుర్తుండే పరీక్ష. కాగితం లేదు, ఒక వాక్యం, ఒక చెయ్యి.

ఈ పద్ధతి అందరికీ కాదు. చేసిన తప్పునే రోజుకు పదిసార్లు ఒప్పుకున్నా తృప్తి లేకపోవడం, క్షమించరాని పాపం చేశానేమోనని నిద్ర పట్టకపోవడం, ప్రార్థనలో ఒక మాట తప్పిందని మొదట్నుంచి మళ్లీ మొదలుపెట్టడం వంటివి ఉన్నవాళ్లు నోటుబుక్కు మొదలుపెట్టకూడదు. అది విశ్వాసలోపం కాదు, వైద్యం ఉన్న బాధ. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఇంటినుంచే ఫోన్ చేయొచ్చు. ఆ బాధలో ఉన్నవాళ్లు చదవాల్సింది మొదటి యోహాను 3:20 ఒక్కటే: మన హృదయం మనమీద దోషం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడు.

శుభ శుక్రవారానికి ముందు గురువారం, బల్ల దగ్గరికి వెళ్లేముందు, కుడి పేజీలన్నీ వరసగా తిరగేయండి. అప్పటికీ చేయని పనులను చివరి ఆకుమీద ఎక్కించండి, పేరు, మొత్తం, తేదీతో. మామూలుగా అయిదారు మిగులుతాయి. ఒకటీ రెండూ ఎదుటివాళ్లు మాట్లాడటానికి ఒప్పుకోనివి ఉంటాయి, వాటి పక్కన మీరు వెళ్లిన తేదీ రాయండి. ఆ ఆకును కత్తెరతో శుభ్రంగా కత్తిరించి బైబిల్లో యోహాను మొదటి పత్రిక దగ్గర పెట్టి, మిగతా పుస్తకాన్ని శనివారం సాయంత్రం పొయ్యిలో వేయండి. ఈస్టరు తర్వాత ఆ ఆకుమీద ఒక్కో పేరూ కొట్టేస్తూ పోవాలి. ఏరినవాళ్ల కైకిలి బాకీ ఉంటే ముందు దాన్ని.